ఏస్తేరమ్మ వంతు

తూర్పుపాయ ఉప్పు కార్మికుల సహకార సంఘంలో హాజరు పిలిస్తే అందరికంటే ముందు పలికేది చనిపోయిన మనిషి.

"ఒకటో నంబరు, ఏస్తేరమ్మ!" అని కార్యదర్శి మస్తాన్ వలీ పుస్తకం తెరిచి పిలుస్తాడు. ఉప్పు మళ్ళలోకి దిగడానికి కుచ్చెళ్ళు ఎగదోపుకుని నిలబడ్డ నూట పదకొండు మందీ ఒక్క గొంతుతో "ఉన్నది!" అంటారు. ఏస్తేరమ్మ పోయి పదకొండేళ్ళు. అయినా ఈ వరస ఒక్క పొద్దు తప్పలేదు. గుత్తేదారు కింద నలిగిపోతున్న ఉప్పు కూలీల ఇంటింటికీ తిరిగి, బతిమాలి, తిట్టి, ఒకరిద్దరిని రెక్క పట్టుకుని లాక్కొచ్చి మరీ సంఘం పెట్టించిన మనిషి ఆమె. అలాంటి మనిషి పేరు మీద గీత గీయడానికి ఎవరికి చేతులొస్తాయి?

ఆమెకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది రూతమ్మ, సంఘంలో రెండో నంబరు. పన్నెండో ఏట తల్లి వెనకాలే మళ్ళలో దిగింది, మళ్ళీ పైకి రాలేదు. చిన్నది మార్త. అక్క తట్టలు మోసింది, చెల్లెలు చదువుకుంది. ఇప్పుడు మార్త పట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో, మనిషి ఒళ్ళు ఎందుకు అలసిపోతుందో తేల్చే ప్రయోగశాలకు పెద్ద.

"పనిజేస్తే అలుస్తారు. అది కనుక్కోటానికి ఇంత చదువెందుకే?" అని రూతమ్మ ఎగతాళి చేసేది. మార్త దగ్గర దానికి సరైన జవాబు ఉండేది కాదు, చాలా ఏళ్ళ వరకూ.

జవాబు దొరికిన రోజున ప్రయోగశాలలో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. ఇద్దరి చేతులకూ బూడిదరంగు కడియాలు. ఒకమ్మాయి యంత్రం పట్టా మీద గంటసేపు ఆగకుండా పరిగెత్తింది. రెండో అమ్మాయి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంది. గంట తిరిగేసరికి పరిగెత్తిన అమ్మాయి కూనిరాగం తీస్తూ దిగింది. కూర్చున్న అమ్మాయి చేతిలోంచి పేపరు జారిపోయింది, జాకెట్టు చెమటతో తడిసిపోయింది, పిక్కలు వణికాయి. అలసట అంటే "ఇక చాలు, ఆగు" అని మెదడు లాగే కళ్ళెం. ఆ కళ్ళేన్ని ఒకరి మీద నుంచి తీసి ఇంకొకరికి తగిలించవచ్చని తేలిపోయింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మార్త మాత్రం ఆ వణికే పిక్కలనే చూస్తూ ఉండిపోయింది. సాయంత్రాలు గుమ్మంలో కూలబడే అమ్మ కాళ్ళు అచ్చం అలాగే వణికేవి.

తీసిన అలసటను ఎవరి మీదా దించకుండా గాల్లో కలిపేద్దామని తర్వాత ఆరు నెలలు నానా తంటాలు పడ్డారు. కలవలేదు. దించడానికి ఒళ్ళు లేకపోతే అది తిరిగొచ్చి సొంతదారు మీదే పడేది. ఒకసారి ఇరవై ఎలుకల అలసటను ఒక్క ఎలుక మీద దించి చూశారు. దానికి దెబ్బ తగల్లేదు, నెత్తురు కారలేదు. మెల్లగా పక్కకు ఒరిగింది. ఊపిరి లోపలికి తీసుకోవడానికి కూడా ఓపిక లేక ఆగిపోయింది. మరుక్షణం పక్క గూళ్ళలో చలాకీగా తిరుగుతున్న ఇరవై ఎలుకలూ ఒక్కసారి చతికిలబడ్డాయి. ఎవరి అలసట వాళ్ళకు తిరిగొచ్చింది మరి. మార్త ఆ సంగతి పుస్తకంలో రాసి, పుస్తకం మూసేసి, ఆ రోజు అన్నం తినలేకపోయింది.

ఈ కబురు ఎలా పొక్కిందో గానీ, పెద్ద పెద్ద కంపెనీల మనుషులు ప్రయోగశాల ముందు వాలిపోయారు. వాళ్ళ మాటల్లోని తీపి పొర ఒలిస్తే లోపల ఉన్నది ఒకటే. పనిచేసేవాళ్ళు అలవకుండా పనిచేస్తారు, అలవడానికి వేరే పేదవాళ్ళను పెట్టుకుంటారు. మార్తకు ఒళ్ళు మండిపోయింది. అలసటను కొనేవాళ్ళ చేతిలో పడకముందే ఈ కడియాన్ని పంచుకునేవాళ్ళ చేతిలో పెట్టాలని తీర్మానించుకుంది. పంచుకునేవాళ్ళంటే ఆమెకు తెలిసింది ఒక్క తూర్పుపాయే.

*

ఉప్పు కొట్టు ముందు సర్వసభ్య సమావేశం పెట్టారు. మార్త చెప్పిందంతా విని అందరికంటే ముందు లేచింది అంకమ్మ. అరవై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయిన మనిషి.

"అంటే నా అలుపు ఈ పడుచుపిల్లలు మోస్తారా?"

"నీది వాళ్ళు, వాళ్ళది నువ్వు. అంతా ఒకచోట పోసి, తలా ఒక వంతు."

"మరి ఒప్పుకోనోళ్ళ మీద తోసేస్తే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

అక్కడ రెండు నియమాలు పుట్టాయి. ఎవరి ఒప్పుదల లేకుండా వాళ్ళ అలుపు తియ్యకూడదు, వాళ్ళ మీద పెట్టకూడదు. వంతు పుచ్చుకోవాలన్నా, తిరిగి ఇవ్వాలన్నా కడియం ఉన్న చేతి పిడికిలిని ఎవరికి వాళ్ళే మూడుసార్లు బిగించాలి. ఇంకొకరు వేళ్ళు ముడిచిపెడితే కడియం ఒప్పుకోదు. రెండోది, ఒక మనిషికి ఒకే వంతు. చేతులెత్తి ఒప్పుకున్నారు.

మస్తాన్ వలీ రాసిచ్చిన జాబితాలో నూట పన్నెండు పేర్లున్నాయి. మొదటిది ఏస్తేరమ్మ. మార్త కలం ఆ పేరు దగ్గర ఆగింది. కొట్టేయాలి. కొట్టేయాలని ఆమెకు తెలుసు. శాస్త్రం చదివిన మనిషి, చనిపోయినవాళ్ళు అలవరని వేరే చెప్పనక్కర్లేదు. కానీ అమ్మ పేరది. 'కడియం ఉంటుంది, ఒళ్ళు ఉండదు, ఆ వంతు ఎలాగూ తిరిగి అందరిలోనూ కలిసిపోతుంది' అని తనకు తానే సర్దిచెప్పుకుని నూట పన్నెండు కడియాలూ, వాటి అలుపు పోగేసి పంచే యంత్రపు పెట్టె ఒకటీ చేయించింది. ఒకటో నంబరు కడియాన్ని సంఘం గదిలో అమ్మ ఫొటోకు దండలా తగిలించింది. ఒక ఒంటి మీద ఇంతకు మించి పడకూడదన్న హద్దు యంత్రంలో పెట్టాలని కూడా ఒకసారి తోచింది. ఒక మనిషికి ఒకే వంతు అన్నది సంఘం నియమమే కదా, యంత్రానికి మళ్ళీ చెప్పడం ఎందుకని వదిలేసింది.

మొదటిరోజు పొద్దున హాజరులో పలికిన పేరు పేరుకూ పెట్టె మీద ఆ నంబరు దీపం వెలిగింది, అంటే వంతుకు సిద్ధమన్నమాట. సాయంత్రం నాలుగింటికి గంట కొట్టారు. నూట పదకొండు మంది కుడిచేతులు పైకెత్తి మూడుసార్లు పిడికిళ్ళు బిగించారు. గదిలో పెట్టె గుర్రుమంది. అంతే. అంకమ్మ నడుం పట్టుకోకుండా లేచి నిలబడింది. అటు నాలుగడుగులు వేసింది, ఇటు నాలుగడుగులు వేసింది, తర్వాత వలవలా ఏడ్చేసింది. నిరుడు పెళ్ళయి వచ్చిన కోడలుపిల్ల ఒకతి అక్కడే కూలబడి, "అమ్మో, ఈ ముసలాళ్ళు రోజూ ఇంత అలుపుతో ఇళ్ళకి పోయి వంట కూడా చేస్తారా!" అంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఆ పిల్ల అంకమ్మ తట్ట తనే ఎత్తడం మొదలుపెట్టింది. అలుపు ఒకటయ్యాక పని దానంతట అదే సర్దుకుంది.

ఆ సాయంత్రం రూతమ్మ ఒక్కతే రెండు చేతులూ పైకెత్తింది. పొడుగు చేతుల మగచొక్కా ఎండకు మెరుస్తుంటే, రెండు పిడికిళ్ళూ మూడేసిసార్లు బిగించింది.

"చూడు బాబాయ్, మా అక్కకి అమ్మ పూనింది," అని మార్త మస్తాన్ వలీ చెవిలో చెప్పి నవ్వింది. మస్తాన్ వలీ నవ్వకుండా పుస్తకంలోకి తల దించుకున్నాడు.

పట్నం వెళ్ళాక కూడా పెట్టె నుంచి రోజూ ప్రయోగశాలకు లెక్క వచ్చేది. 'నూట పన్నెండు వంతులూ అందాయి.' మార్త ఆ వాక్యాన్ని రోజూ చదివి తృప్తిగా తల ఊపేది. నూట పదకొండు ఒళ్ళకు నూట పన్నెండు వంతులు ఎలా అందుతున్నాయని ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా ఆమె తనను తాను అడగలేదు.

*

మస్తాన్ వలీకి ఆ ఏడాది అరవై నాలుగు దాటాయి. అలుపు తగ్గిన కాళ్ళతో సైకిలెక్కి తీరం పొడుగునా తిరిగాడు. ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నాడు, ఇటుక బట్టీల దగ్గర నిలబడ్డాడు, మిరపకాయల తొడిమలు తీసే వాళ్ళ ఘాటులో తుమ్ముతూ మాట్లాడాడు. "కడియం ఊరికే రాదమ్మా. ముందు సంఘం కట్టాలి. యజమాని ఉన్నచోట ఇది బేడీ, సంఘం ఉన్నచోట ఇది కడియం," అనేవాడు. గుత్తేదారులు ఒకచోట సైకిలు విరగ్గొట్టించారు. బస్సులో వెళ్ళి మళ్ళీ అదే ఊళ్ళో మాట్లాడాడు. ఏడు నెలలు తిరిగేసరికి నలభై ఒక్క సంఘాలయ్యాయి.

ఆయన సంచిలో ఉన్న నియమావళి ఒక్కటే, తూర్పుపాయది. అన్ని ఊళ్ళవాళ్ళూ దాన్నే పొల్లుపోకుండా రాసుకున్నారు. మొదటి పేజీలో ఏస్తేరమ్మ పేరు చూసి, ఎండుచేపల సంఘం పెద్దావిడ అడిగింది. "మేం కూడా ఆ తల్లి పేరే ఒకటో నంబరుగా పెట్టుకోవచ్చా అయ్యా?" మస్తాన్ వలీకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ ఊరు పెట్టుకుందని పక్క ఊరు, పక్క ఊరిని చూసి ఇంకో ఊరు. ఈ సంగతి మార్తకు చెప్పి ఆశ్చర్యపరచాలని, అన్ని సంఘాలూ కలిసి సమాఖ్య అయ్యే రోజు కోసం ఆయన దాచిపెట్టుకున్నాడు. కడియాలకు ఆమెకు లెక్క పంపాడే గానీ, పేర్లు ఊళ్ళవాళ్ళే పెట్టెల్లో ఎక్కించుకున్నారు.

సమాఖ్యకు వారం ముందు మార్త అక్క ఇంటికి వచ్చింది. చేపల పులుసు మాడువాసన గుమ్మం దాకా కొట్టింది. లోపల రూతమ్మ పొయ్యి ముందు గోడకు ఆనుకుని, గరిటె చేతిలో పట్టుకునే నిద్రపోతోంది.

"అక్కా! ఏమైంది నీకు?"

"ఏమీ కాలా. కూసింత కన్నంటుకుంది. ఎప్పుడొచ్చావే?"

"అందరూ తేలిగ్గా తిరుగుతుంటే నువ్వేంటి ఇలా ఐపోయావు?"

"నాకేమన్నా పదహారేళ్ళా? నలభై ఏడొచ్చినయ్. గమ్మునుండు, పులుసు మాడింది నీ వల్లే," అని రూతమ్మ నవ్వబోయి, నవ్వు మధ్యలో ఆపేసింది. నవ్వడానికి కూడా ఓపిక కావాలి కదా.

మార్త అక్క కుడిచేతి కడియాన్ని పరీక్షించింది. లోపం లేదు. ఎడమచేతికి చొక్కా మణికట్టు దాకా దిగి ఉంది. ఇంట్లో కూడా ఈ చొక్కా ఏమిటంటే, ఉప్పు కోసి పుండ్లు పడ్డాయంది. ఫొటోకున్న కడియం ఏదంటే, ఉప్పుగాలికి చిలుము పడుతోందని గుడ్డలో చుట్టి పెట్టానంది. మార్త రెండూ నమ్మింది. అక్క అబద్ధం చెప్పగా ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"అందరికీ ఏస్తావు, నువ్వు మాత్రం ఏసుకోవు గదా?" అంది రూతమ్మ.

"పరీక్షించేవాళ్ళు పరీక్షలో కూర్చోకూడదక్కా. పద్ధతి."

"మంచి పద్ధతే," అని రూతమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది.

*

సమాఖ్య రోజున ఉప్పు కుప్పల మధ్య పందిరి వేశారు. నలభై ఊళ్ళలో పెట్టెల దగ్గర జనం ఫోన్లు పట్టుకుని కాచుకున్నారు. అన్ని పెట్టెలనూ ఒకటిగా కలిపేస్తే ఉప్పు తీసే నెలల్లో చేపలవాళ్ళు వీళ్ళది మోస్తారు, చేపల కాలంలో వీళ్ళు వాళ్ళది మోస్తారు. నలభై ఒక్క ఊళ్ళు ఒక్క ఒళ్ళవుతాయి. మస్తాన్ వలీ ఈ మాట మైకులో చెబితే ఉప్పు కుప్పల మీద కూర్చున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

మూడున్నరకు హాజరు మొదలైంది. ముందు తూర్పుపాయ. తర్వాత చేపల ఊరు. ఫోను కలిపిన మైకులోంచి ఒక కొత్త గొంతు పలికింది.

"ఒకటో నంబరు, తూర్పుపాయ ఏస్తేరమ్మ!"

"ఉన్నది!"

మార్త ఉలిక్కిపడి మస్తాన్ వలీ వైపు చూసింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. తర్వాత ఇటుకల ఊరు. "ఒకటో నంబరు, తూర్పుపాయ ఏస్తేరమ్మ!" "ఉన్నది!" తర్వాత మిరపకాయల ఊరు. ఊరు తర్వాత ఊరు, ఎన్నడూ చూడని మనుషులు, అమ్మ పేరు పిలిచి అమ్మ ఉన్నదని కేకలు వేస్తున్నారు. మార్త ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. జీవితంలో అంత సంతోషం ఆమెకు మళ్ళీ లేదు.

నాలుగింటికి గంట మోగింది. వేలమంది పిడికిళ్ళు. రూతమ్మ రెండు చేతులూ ఎత్తింది. ఒకటి, రెండు, మూడు. పెట్టె గుర్రుమంది.

రూతమ్మ అరవలేదు, తూలలేదు. నీళ్ళు పోసిన ఉప్పుకుప్పలా నిలబడ్డచోటే దిగిపోయింది.

మార్త పరిగెత్తుకెళ్ళి అక్క తల ఒళ్ళోకి తీసుకుంది. ఊపిరి ఉంది, చాలా దూరందూరంగా. నాడి కోసం ఎడమచేతి చొక్కా పైకి లాగింది. మణికట్టుకు పైన రెండో కడియం. దాని మీద తన చేతిరాతలోనే చెక్కించిన అంకె. ఒకటి.

అక్క ఎత్తిన రెండు చేతులూ, మాడిన పులుసూ, 'నూట పన్నెండు వంతులూ అందాయి' అన్న మాటా, ఇప్పటిదాకా మైకులో విన్న పిలుపులూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. పెట్టెకు తెలిసిన ఏస్తేరమ్మ ఒక్కతే. ఒళ్ళు తగిలి ఉన్న ఏస్తేరమ్మ కడియమూ ఒక్కటే. పెట్టెలు కలిసేదాకా ఏ ఊరి ఏస్తేరమ్మ వంతు ఆ ఊరివాళ్ళ మీదే తలా కాస్త పడేది. నలభై ఒక్క ఊళ్ళు ప్రేమగా ఇచ్చిన నలభై ఒక్క వంతులూ ఆ ఒక్క చేతిలోంచే దిగాయి.

"ఎవరు తొడిగారిది? ఎవరు?" అని మార్త కేక వేసింది.

అంకమ్మ ముందుకొచ్చింది. "అదే ఏసుకుందమ్మా. మొదలుపెట్టే ముందురోజు, నువ్వు పట్నం పోయినప్పుడు, పెట్టెని ఒట్టిగా నడిపి చూశాం. ఒకటో నంబరు వంతు పుచ్చుకునేవాళ్ళు లేరని కూత పెట్టింది. అందరి మీదా తలా కాస్త పడిద్దన్నారు. అప్పుడు రూతమ్మ, 'మా అమ్మ ఏనాడూ తన తట్ట ఇంకొకళ్ళ నెత్తిన పెట్టలా, ఇప్పుడు పెడద్దా' అని ఫొటోకున్నది తీసి ఏసుకుంది. నీకు చెప్పబాకండని ఒట్టేయించుకుంది. రెండు వంతులేగా, మోస్తదిలే అనుకున్నాం తల్లీ."

అందరికీ తెలుసు. కడియం చేసిన మనిషికి తప్ప. మార్తకు కోపం రావడానికి కూడా తీరిక లేదు. ఆమె మైకు లాక్కుంది.

"ఏస్తేరమ్మ మీద పడ్డవంతా మా అక్క మోస్తోంది. మా అక్క చచ్చిపోతోంది. ఎవరు తీసుకుంటారు?"

మైకులో నలభై ఊళ్ళూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. "మాకు పంపండి! మా మీదకి పంపండి! మొత్తం పంపండమ్మా!" పందిట్లో ప్రతి మనిషీ అప్పటికే పిడికిలి ఎత్తి బిగిస్తున్నాడు. తలా ఒక చిటికెడు తీసుకుంటే రూతమ్మ లేచి కూర్చుంటుంది. అంతే కావలసింది.

కానీ ఎవరి ఒప్పుదల లేకుండా వాళ్ళ అలుపు తియ్యకూడదు.

"అక్కా, పిడికిలి బిగించు. మూడుసార్లు. అక్కా, వింటున్నావా?" మార్త అక్క వేళ్ళను తన చేత్తో ముడిచింది. కడియం పలకలేదు. ఇంకొకరు ముడిస్తే ఒప్పుకోకుండా దాన్ని తయారుచేసింది మార్తే. కడియం కోసేయమని ఎవరో అరిచారు. కోస్తే లోపల పడ్డది లోపలే ఉండిపోతుంది. ఆ సంగతీ మార్తకే తెలుసు.

రూతమ్మ కనురెప్పలు కదిలాయి. ఎడమచేతి వేళ్ళు మెల్లగా, ఒక్కొక్కటిగా, లోపలికి ముడుచుకున్నాయి. ఒకటి. వేళ్ళు విప్పుకున్నాయి. ఎంతో సేపటికి మళ్ళీ ముడుచుకున్నాయి. రెండు. మార్త అక్క ముఖం మీద ముఖం పెట్టి, "ఇంకొక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మా అక్కవి కదా," అని చిన్నపిల్లలా బతిమాలింది.

వేళ్ళు విప్పుకున్నాయి. అలాగే ఉండిపోయాయి.

మరుక్షణం పందిట్లో నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి కిందికి కూలబడ్డారు. అంకమ్మ మోకాళ్ళు పట్టుకుని మూలిగింది. మైకులో నలభై ఊళ్ళ అరుపులు ఒక్కపెట్టున ఆగిపోయి, బరువుగా రొప్పడం వినిపించింది. ఎవరి అలుపు వాళ్ళకు తిరిగొచ్చింది. రూతమ్మ పోయిందని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. నిలబడి ఉన్నది ఒక్క మస్తాన్ వలీ. ఆ రోజు ఉదయం నుంచీ సంబరంలో పడి ఆయన కడియం తొడుక్కోవడం మరిచిపోయాడు.

*

నలభయ్యో రోజు రూతమ్మ జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, మర్నాడు మధ్యాహ్నం ఉప్పు కొట్టు ముందు సమావేశం పెట్టారు. మార్త ఖాళీ గోనెసంచి తెచ్చుకుంది. కడియాలన్నీ అందులో వేసి తీసుకెళ్ళి పగలగొట్టాలని వచ్చింది. ఆ మాటే చెప్పింది.

అంకమ్మ నేల మీద చేయి ఆనించి లేచింది.

"ఏడు నెలలు నా మోకాళ్ళు నా ఒక్కదానియ్యి కాదమ్మా, అందరియ్యి. ఈ నలభై రోజులూ మళ్ళీ నాయి నాకొచ్చినయ్. రూతమ్మని నీ పెట్టె చంపలా. మేం చంపాం. లేని మనిషిని ఉన్నదని అన్నాం, ఆ అబద్ధం అది మోసింది. అబద్ధం తీసేస్తాం. కడియం తియ్యబాకమ్మా."

మార్త జనం వైపు చూసింది. చేతులెత్తమన్నప్పుడు ఒక్క చెయ్యి కూడా దిగి లేదు. ఒక మనిషికి ఒక ఓటు. ఆమెకు అక్కడ ఓటు కూడా లేదు, ఆమె సభ్యురాలు కాదు. కొత్త నియమం రాసుకున్నారు. పేరు పిలిస్తే ఎవరి నోటితో వాళ్ళే పలకాలి, ఇంకొకరి తరఫున ఎవరూ పలకకూడదు. యంత్రంలో ఒక ఒంటికి ఒకే వంతన్న హద్దు మార్త పెట్టాలి. ఆమె సరేనంది.

మస్తాన్ వలీ పుస్తకం తెరిచాడు. ఆ నలభై రోజుల్లో ఆయన బాగా వంగిపోయాడు. స్కేలు పెట్టి, ఏస్తేరమ్మ పేరు మీద గీత గీశాడు. అయినా గీత వంకరపోయింది. అందరూ తలలు దించుకున్నారు. అందరి మనసులోనూ ఆ గీతే ఉంది.

అందుకే ఆయన వేలు అలవాటుగా తర్వాతి వరసలోకి దిగింది. అలవాటుగా గొంతు లేచింది.

"రెండో నంబరు, రూతమ్మ!"

"ఉన్నది!"

నూట పది గొంతులు. ఒక్క గొంతులా.

పెట్టె మీద రెండో నంబరు దీపం పచ్చగా వెలిగింది. అన్నవాళ్ళే అదిరిపోయి నోళ్ళు మూసుకున్నారు. కోడలుపిల్ల కెవ్వుమంది. మస్తాన్ వలీ తన వేలి వంక, ఎవరిదో వేలు చూసినట్టు చూశాడు. అంకమ్మ ముఖం మీద కొంగు కప్పుకుంది. కొత్త నియమం సిరా ఇంకా ఆరలేదు.

మార్త అందరి ముఖాలూ చూసింది. ఈ మనుషులు మంచివాళ్ళు. ఇంత మంచివాళ్ళు కాబట్టే మళ్ళీ అంటారు. రేపూ అంటారు, నలభై ఊళ్ళలోనూ అంటారు. వద్దని చెప్పడానికి ఎవరో ఒకరు ఇక్కడే, ఈ వరసలోనే నిలబడి ఉండాలి.

ఆమె లేచి వెళ్ళి దీపం ఆర్పింది. అందరి వైపూ తిరిగింది.

"లేదు," అంది. మళ్ళీ అంది. "అమ్మ లేదు. అక్క లేదు."

ఆమె మస్తాన్ వలీ పక్కకొచ్చి, పుస్తకం చివరి పేజీ తిప్పింది.

"నన్ను రాసుకో బాబాయ్."

"నువ్వు మళ్ళలో దిగవు గదమ్మా."

"రేపటి నుంచి వారానికి రెండు రోజులు దిగుతాను. రాసుకో."

ఆయన రాశాడు. నూట పదమూడో నంబరు, మార్త. పిలిచాడు. "ఉన్నాను," అంది మార్త, తన నోటితో. పెట్టె పక్కన మిగిలి ఉన్న కొత్త కడియం ఒకటి తీసి కుడిచేతికి తొడుక్కుంది. ఇన్నాళ్ళలో మొదటిసారి.

నాలుగింటికి గంట మోగింది. ఒకటి, రెండు, మూడు. పెట్టె గుర్రుమంది.

ముందు పిక్కల్లోకి వచ్చింది. తర్వాత నడుంలోకి, భుజాల్లోకి, మెడ వెనక్కి, కనురెప్పల మీదకు. మార్త గోడ పట్టుకుంది. గోడ పట్టుకున్నా ఆగలేక ఉప్పు నేల మీద కూలబడింది. కోడలుపిల్ల పరిగెత్తుకొచ్చి చెయ్యి అందించింది. ఆ చెయ్యి అందుకోవడానికి తన చెయ్యి ఎత్తాలని మార్తకు తెలుసు గానీ, ఎత్తలేకపోయింది.

అది ఒక్క వంతు.